అడ్డగడియ తీసిన చేయి

శవాన్ని కడగవద్దని హోషయా ముందే కబురు పంపాడు. అందుకు కోటలో అందరూ అతని మీద గుర్రుగా ఉన్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. ముసలాయన తెల్లవారినప్పటి నుంచి బూడిద దిబ్బ పక్కన, నాలుగు కర్రలకు కట్టిన మేకవెంట్రుకల గుడ్డ నీడలో పడి ఉన్నాడు. చనిపోయిన మనిషిని అంతసేపు మట్టి చేయకుండా ఉంచడం యూదాలో ఎవరూ చేయని పని.

రాజు తరఫున దక్షిణ సరిహద్దు కోటలు తిరిగి తగవులు వినడం హోషయా ఉద్యోగం. పక్క కోటలో ఉండగా పొద్దున కబురు అందింది. కంచరగాడిదను తోలుకుంటూ వచ్చాడు. దారిలో ఒకడు గాడిదెక్కి ఉత్తరం వైపు పోతూ ఎదురయ్యాడు. ఎవరివని అడిగితే, కోటలో దిగిన యెరూషలేము యాజకుడు అమర్యా నౌకరునని, అయ్యగారికి మార్చుకునే బట్టల కోసం వెళ్తున్నానని చెప్పాడు. గాడిద నురగలు కక్కుతోంది. బట్టల కోసం ఇంత పరుగెందుకని హోషయాకు అనిపించింది కానీ అడగలేదు.

చనిపోయింది మెరేమోతు. కోట లోపలి చిన్న గుడికి నలభై ఏళ్లు యాజకుడు. నిరుడు రాజాజ్ఞ వచ్చింది. ఇకమీదట యెహోవాకు బలి అర్పించేది యెరూషలేము మందిరంలోనే, మిగతా ఊళ్లలో ఉన్న పీఠాలూ నిలువురాళ్లూ పగలగొట్టాలి అని. పగలగొట్టామని కోట అధిపతి జక్కూరు జవాబు రాశాడు. గుడి గది నూనె బానలు పెట్టుకునే కొట్టు అయింది. అప్పటి నుంచి మెరేమోతుకు పని లేదు. నిజంగా పగలగొట్టారో లేదో చూసి రమ్మని మందిరం వాళ్లు అమర్యాను పంపారు. అతను వచ్చి నాలుగు రోజులైంది.

హోషయా గుడ్డ కిందికి వంగి శవం పక్కన కూర్చున్నాడు. ఎడమ డొక్కలో ఒకటే పోటు. కత్తి సన్నది. రక్తం కారి కారి చొక్కా నడుము దాకా గట్టిపడింది. అంటే వెంటనే ప్రాణం పోలేదు. అరచేతులు దోక్కుపోయాయి. మోకాళ్ల దగ్గర బట్ట చిరిగింది. చిరుగులో తెల్లటి పొడి ఉంది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. సున్నం.

“ఈ దిబ్బలో సున్నం ఉందా?” అని అడిగాడు.

జక్కూరు పక్కనే నిలబడి ఉన్నాడు. మెడ మీద పాత గాయం మచ్చ ఉన్న సిపాయి మనిషి. “పొయ్యి బూడిద, ఎముకలు, పగిలిన కుండలు. సున్నం ఇక్కడెవడు పోస్తాడు?” అన్నాడు. అన్నాక, ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదన్నట్టు దూరంగా కొండల వైపు చూశాడు.

అమర్యా గోడ నీడలో, రాయి విసిరితే అందేంత దూరంలో ఆగిపోయాడు. నలభై ఏళ్లుంటాయి. తెల్లటి నారబట్టలు. అక్కడి నుంచే గొంతు పెంచి మాట్లాడాడు.

“అధికారిగారూ, దగ్గరికి రానందుకు ఏమీ అనుకోకండి. నేను యాజకుణ్ణి. అయినవాళ్లు పోతే తప్ప మేం చావు మైల అంటించుకోకూడదు. పొద్దున శవం దొరికినప్పుడు కూడా ఇంతకంటే దగ్గరికి రాలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి.”

“అడగనవసరం లేదు, మీరే చెప్పారుగా,” అన్నాడు హోషయా.

“ఇంకొకటి కూడా చెప్పాలి. చంపినవాడు దొరికాడు. కొడుకే. ఇద్దరు సాక్షులున్నారు. ధర్మశాస్త్రం అడిగేది ఇద్దర్నే. సాయంత్రం లోపు కోట గుమ్మం దగ్గర పెద్దలు కూర్చుంటే పని అయిపోతుంది. మీరు ఇంత ఎండలో రావాల్సిన పని కూడా కాదు.”

“ఆ ఇద్దరూ పొడవడం చూశారా?”

“తగువు విన్నారు.”

“నేనూ మా ఆవిడ పోట్లాడుకుంటే వీధి వీధంతా వింటుంది. మా ఆవిడ ఇంకా బతికే ఉంది,” అన్నాడు హోషయా.

కావలివాళ్లలో ఒకడు నవ్వి, జక్కూరు చూసేసరికి మానుకున్నాడు.

*

కొడుకు యాకీనును ధాన్యం పాతరలో పెట్టారు. పైన రాతి పలక జరిపి, నిచ్చెన దింపి హోషయా లోపలికి దిగాడు. యాకీనుకు ముప్పై దాటలేదు. చొక్కా ముందు భాగమంతా రక్తం. పొద్దున నాన్నను దిబ్బ మీది నుంచి ఎత్తి నీడలోకి మార్చింది తనేనని చెప్పాడు. అదే రక్తాన్ని ఇప్పుడు సాక్ష్యంగా చూపిస్తున్నారట.

తగువు నిజమే. నిన్న మధ్యాహ్నం దిబ్బ దగ్గర జరిగింది. గుళ్లు పోయిన యాజకులు యెరూషలేముకు వస్తే, బలిపీఠం ఎక్కనివ్వరు కానీ తిండికి లోటు లేకుండా రొట్టెలో వాటా ఇస్తామని మందిరం వాళ్లు చెప్పారు. యాకీను వెళ్దామన్నాడు. ముసలాయన రానన్నాడు. ఏడాదిగా ఇదే గొడవ. నిన్న మాట మీద మాట పెరిగింది.

“ఏమన్నావు?”

యాకీను చాలాసేపు చేతుల వైపు చూసుకున్నాడు. “నువ్వు చస్తేగాని మాకు ఇక్కణ్ణుంచి కదిలే రాత లేదన్నాను. అది వాళ్లు విన్నారు. అబద్ధం చెప్పలేదు వాళ్లు.”

“తరువాత?”

“నా భుజమ్మీద బూడిద పడితే నాన్న దులిపాడు. పొద్దుగూకే ముందు రోజూ ఒక్కడే వెళ్తాడు. అలాగే వెళ్లాడు. అన్నం వేళకి రాలేదు. అలిగాడనుకున్నాం. అలిగితే కొట్టు మీద మిద్దెపైన పడుకుంటాడు. మేం తినేశాం. నేను తిని పడుకున్నాను, అయ్యా.”

ఆ చివరి మాట అని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

“రోజూ ఎక్కడికి వెళ్లేవాడు?”

“అది అడగొద్దు.”

“సాయంత్రానికి నిన్ను గుమ్మం బయటికి తీసుకెళ్తారు. మొదటి రాళ్లు ఆ సాక్షులే వేస్తారు. నీకు తెలుసా?”

“తెలుసు. వాళ్లిద్దరూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పాపం, వాళ్లకి నిద్ర పట్టదు. అయినా అడగొద్దు. నేను చెబితే నేనొక్కణ్ణే బయటపడతాను,” అన్నాడు.

హోషయా నిచ్చెన ఎక్కాడు. భయపడేవాడు అబద్ధం చెబుతాడు, లేదా ఏడుస్తాడు. ఇతను రెండూ చేయలేదు. ఎవరినో కాస్తున్నాడు. కాచేది ఒకరిని కాదు, చాలామందిని.

*

బూడిద దిబ్బ కోట గోడకు వెలుపల ఉంది. గోడలోంచి దిబ్బకు దారి ఒకటే, ఒక మనిషి వంగి పట్టే దిడ్డివాకిలి. పొద్దుగూకగానే కావలివాడు లోపలి నుంచి అడ్డగడియ వేసి గోడ మీదికి పోతాడు. తెల్లవారి వచ్చి చూస్తే గడియ తీసి ఉంది. ముసలాయన తనే తీసుకుని బయటికి వెళ్లాడని, అక్కడ కొడుకు పొడిచాడని జక్కూరు లెక్క.

హోషయా అందరినీ అక్కడే ఆగమని చెప్పి దిడ్డిలోకి వంగాడు. పొద్దున్నుంచి తొక్కిన కాళ్ల గుర్తులన్నీ నడవ మధ్యలో ఉన్నాయి. గోడ వారన ఎవరూ తొక్కలేదు. అక్కడ గడప రాయికి లోపలి వైపు అరచేతి ముద్ర ఉంది. రక్తం ఎండి నల్లబడింది. వేళ్లు బయటికి చూస్తున్నాయి. ముసలాయన గడప దాటక ముందే గాయపడ్డాడు. పాకుతూ బయటికి వచ్చాడు.

తలుపు చెక్క కింది భాగంలో కూడా వేళ్ల చారలున్నాయి. మోకాలి ఎత్తు దాటి పైన ఒక్కటీ లేదు. అడ్డగడియ మాత్రం ఛాతీ ఎత్తున ఉంటుంది. గట్టి సింధూరపు మానుతో చేసిన దుంగ. హోషయా దాన్ని ఎత్తి చూశాడు. రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. దాని మీద రక్తం లేదు. ఎవరో దాన్ని తీసి, జారి పడకుండా మూలకు ఆనించి నిలబెట్టారు.

లోపలి ఆవరణలోకి వచ్చాడు. ఆవరణ చిన్నది. ఎడమ చేతి వైపు కావలివాళ్ల గది, తలుపెప్పుడూ తీసే ఉంటుంది. రాత్రంతా అందులో దీపం, మనుషులు. కుడి చేతి వైపు నూనె కొట్టు. కొట్టులోంచి కావలి గదికి నాలుగు అంగలు. దిడ్డికి దానికి మూడింతలు. డొక్కలో పోటుతో ఉన్నవాడు, ఒక కేక వేస్తే మనిషి వచ్చే చోటు వదిలి, మసక చీకట్లో, మూసిన తలుపు వైపు పాకాడు. కేక కూడా వేయలేదు.

కొట్టులో నేల గచ్చు చేసి ఉంది. సున్నం కొత్తది, నిరుటిది. బయటి ఆవరణ కంటే లోపలి నేల మోకాలెత్తు ఎక్కువ. అంటే లోపల మట్టి నింపి, పైన గచ్చు వేశారు. పగలగొట్టిన గుడిలో అంత మట్టి నింపే పని ఎవరూ పెట్టుకోరు. రాళ్లు తీసి గోడలకు వాడుకుంటారు.

వెనక గోడ దగ్గర బానలు జరిపిన గుర్తులున్నాయి. నేల మీద ఒకచోట ఊక చల్లి ఉంది. హోషయా ఊక పక్కకు తోశాడు. గచ్చును ఎవరో కత్తి మొనతో తవ్వారు. అరచెయ్యంత గుంట. దాని అంచు పొడవునా రక్తం ఇంకింది. గుంటలోకి వేలు పెట్టాడు. మట్టి మెత్తగా ఉంది. ఇంకొంచెం లోపలికి వేలికి నున్నటి రాయి తగిలింది. చెక్కిన రాయి. పగిలిన అంచు ఎక్కడా లేదు. వేలు ఎటు జరిపినా అదే నునుపు; గుడి నిలువురాయే అది, నిలబెట్టి లేదు, పడుకోబెట్టి ఉంది.

అతను చాలాసేపు ఆ వేలు తీయలేదు.

హోషయా పుట్టిన ఊళ్లో ఇలాంటి రాయిని తాళ్లు కట్టి ఎద్దులతో లాగించారు. పడి మూడు ముక్కలైంది. వాళ్ల నాన్న ఆ పూట అన్నం తినలేదు. రాజు మీద ఒక్క మాటా అనలేదు. ఇక్కడి వాళ్లు పగలగొట్టలేదు. చచ్చిన మనిషిని పడుకోబెట్టినట్టు పక్కకు వాల్చి, మీద మట్టి పోసి, గచ్చు చేశారు. ఒక్కడు చేసే పని కాదిది. సిపాయిలు, వాళ్ల ఆడవాళ్లు, జక్కూరు, అందరి చేతులూ పడ్డాయి. పగలగొట్టామని రాజుకు రాసి, ఏడాదిగా కోట కోటంతా నోరు మూసుకుని ఉంది.

ముసలాయన ఎందుకు పాకాడో అప్పుడు అర్థమైంది. అది ఆయనకు ఇంకా గుడే. గుడిలో మనిషి ప్రాణం పోతే గుడి మైలపడుతుంది. కావలి గది కూడా ఆ ఆవరణలోదే. బతికే దారి ఆవరణ లోపల ఉంది. ఆయన బయటికి పాకాడు.

హోషయా గుంటలో మట్టి సర్ది, ఊక మళ్లీ చల్లాడు. బాన ఒకటి లాగి దాని మీద నిలబెట్టాడు. వెనక్కి తిరిగితే జక్కూరు గుమ్మంలో ఉన్నాడు.

“ఏం దొరికింది?” అన్నాడు జక్కూరు. చెయ్యి కత్తి పిడి మీద ఉంది.

“నూనె,” అన్నాడు హోషయా. “బాన ఒకటి కారుతోంది. చూసుకో.”

జక్కూరు చెయ్యి పిడి మీద నుంచి మెల్లగా జారింది. తలవంచుకుని పక్కకు తప్పుకున్నాడు.

*

ఎవరు తవ్వారన్నది ఊహించడం కష్టం కాదు. కోటలో వాళ్లకు రాయి ఎక్కడుందో తెలుసు, తవ్వక్కర్లేదు. కానీ ఊహ చూపించి మనిషిని పట్టుకోలేం. పైగా గుంటను సాక్ష్యం చేస్తే యాకీను బతుకుతాడు, మిగతావాళ్లు రాజు ముందు దోషులవుతారు. ఆ గుంట పేరెత్తకుండా రుజువు కావాలి.

అది వంటశాలలో దొరికింది. వంటవాడు కాళ్లు బారజాపి పప్పు ఏరుతున్నాడు. నిన్న రాత్రి ఎవరెవరు తిన్నారని అడిగితే ఒక్కొక్కరి పేరూ చెప్పి, చివర్న నవ్వాడు.

“మన యెరూషలేము అయ్యగారు కూడా తిన్నారు. నా రొట్టె అడిగి పెట్టించుకున్నవాణ్ణి ఇన్నేళ్లలో ఆయన్నొక్కణ్ణే చూశాను. పిండిలో సగం ఇసుకే మరి. మా కుర్రాళ్లు పళ్లు విరుగుతాయని నన్ను తిట్టుకుంటూ తింటారు.”

“అంతకు ముందు రాత్రులు?”

“అప్పుడు మా రొట్టెతో ఆయనకేం పని? యాజకుల వాటా రొట్టె ఉందిగా. తిర్సమ్మ చేస్తుంది.”

తిర్సా యాకీను భార్య. హోషయా వాళ్లింటికి వెళ్లాడు. గడప బయటే ఆగాడు, శవాన్ని ముట్టినవాడు లోపలికి వెళ్లకూడదు కనుక. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. పంటలో మొదటి వాటా యాజకుడి ఇంటికి వస్తుంది. ఆ పిండితో చేసిన రొట్టెను యాజకుడూ అతని ఇంటివాళ్లూ తప్ప ఇంకొకరు తినకూడదు. వాళ్లు కూడా ఏ మైలా లేకుండా తినాలి. మైలతో తింటే యెహోవా చంపుతాడని కోటలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

నిన్న దీపాలు పెట్టాక అమర్యాకు రొట్టె తీసుకెళ్లానని ఆమె చెప్పింది. రోజూ బుట్టలోంచి ఆయనే తీసుకునేవాడు. నిన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆకలి లేదన్నాడు.

“ఇంకేమైనా అన్నాడా?”

“బుట్ట నాకు తగలనీయకమ్మా, జరుగు అన్నాడు. నేను చేసిందాంట్లో ఏదో తప్పుందనుకున్నాను. ఇంటికొచ్చి మళ్లీ జల్లెడ పట్టి చూసుకున్నాను.”

పొద్దున్నుంచి శవం దగ్గరికి ఎందుకు రాలేదని హోషయా అడిగాడు. కోడలు రాలేదని దిబ్బ దగ్గర ఆడవాళ్లు చెవులు కొరుక్కోవడం అతను విన్నాడు.

తిర్సా తలెత్తలేదు. “నేను ముడితే ఏడు రోజులు పొయ్యి ఆగిపోతుంది. ఎవరు పోయినా ఈ రొట్టె ఆగకూడదమ్మా అనేవాడు మామయ్య. గుడి పోయాక మిగిలింది ఇదొక్కటేనట. అందుకని ఇక్కడ కూర్చున్నాను. దూరం నుంచి కాళ్లు మాత్రం చూశాను.”

“సాయంత్రం ఒక రొట్టె బుట్టలో పెట్టుకుని గుమ్మం దగ్గరికి రా, అమ్మా. నువ్వే పట్టుకురా. నేను ముట్టకూడదు.”

*

గుమ్మం దగ్గర రాతి అరుగుల మీద కోట పెద్దలు కూర్చున్నారు. యాకీనును చేతులు కట్టి నిలబెట్టారు. అమర్యా ధర్మశాస్త్రం చెప్పాడు. బాగా చెప్పాడు. సాక్షులిద్దరూ తాము విన్న మాట మళ్లీ చెప్పారు. ఒకడు చెబుతూ ఏడ్చాడు.

హోషయా లేచి, తీర్పుకు ముందు ఒక చిన్న పని ఉందన్నాడు. తిర్సాను ముందుకు రమ్మన్నాడు.

“అమర్యాగారు పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. యాజకుల వాటా రొట్టె వచ్చింది. తీసుకోండి.”

“తీర్పు వేళ తిండేమిటి?” అన్నాడు అమర్యా.

“ఒక్క ముక్క. మీరు తింటే నేను కూర్చుంటాను. యాకీను సంగతి మీ ఇష్టం.”

తిర్సా బుట్ట ముందుకు చాచింది. అమర్యా ఒక అడుగు వెనక్కి వేశాడు.

“హంతకుడి ఇంటి రొట్టె నేను తినను.”

“నిన్న దీపాల వేళకి ఇతను హంతకుడు కాదు. ఇంట్లో కూర్చుని నాన్న కోసం ఎదురుచూస్తున్నాడు. నిన్నెందుకు తినలేదు? ఆకలి లేదన్నారు. ఆకలి లేనివాడు వంటశాలకెళ్లి ఇసుక రొట్టె అడిగి తిన్నాడు.” హోషయా గొంతు పెంచలేదు. “మీకు చావు మైల ఉంది. పొద్దున శవానికి రాయి విసిరే దూరంలో నిలబడ్డారు, అందరూ చూశారు. మరి మైల ఎప్పుడు అంటింది? శవం దొరకకముందు, నిన్న సాయంత్రమే ఎలా అంటింది?”

తిర్సా బుట్ట ఇంకా చాచే ఉంచింది.

“నేను తప్పు చెబుతున్నానేమో,” అన్నాడు హోషయా. “అయితే తినండి. ఒక్క ముక్క.”

అమర్యా రొట్టె వైపు చూశాడు. చెయ్యి కొంచెం లేచింది. వేళ్లు బుట్ట అంచు దాకా వచ్చి ఆగాయి. అతను చెయ్యి దింపేశాడు.

“చంపాలనుకోలేదు,” అన్నాడు. “కత్తి నా చేతిలో వేరే పని మీద ఉంది. ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.”

పెద్దల్లో ఒకాయన ముఖం కప్పుకున్నాడు. హోషయా అంతటితో ఆగి ఉండవచ్చు. కానీ మధ్యాహ్నం నుంచి ఒకటి అతన్ని తొలుస్తోంది.

“పొడిచి వెళ్లిపోయి ఉంటే, పోయాడో లేదో మీకు తెలిసేది కాదు. పోయేదాకా పక్కనే ఉన్నారు. ఆయన పాకుతుంటే వెనకాల నడిచారు. ఆయన చెయ్యి మోకాలెత్తు దాటలేదు. అడ్డగడియ మీరు తీశారు. ఎందుకు?”

అమర్యా చేతులు బట్టల మడతల్లోకి లాక్కున్నాడు.

“అది వట్టి కొట్టు. మీ లెక్కలో అక్కడ పవిత్రమైంది ఏదీ లేదు. కొట్టు దగ్గర ఒక ముసలాడు చస్తే మీకేం పోయింది? తలుపెందుకు తీశారు?”

“ఆయన అడిగాడు,” అన్నాడు అమర్యా. గొంతులో ధర్మశాస్త్రం చెప్పిన గొంతు లేదు. “తలుపు తీయి నాయనా, ఇక్కడ వద్దు అన్నాడు. నేను పొడిచిన మనిషి. నన్ను నాయనా అన్నాడు. నేను గడియ తీసేశాను. తీశాక తెలిసింది, నేనేం చేశానో.”

చెప్పి, తల తిప్పి పెద్దలందరినీ ఒక్కొక్కరినీ చూశాడు. కొంచెం కొంచెంగా అతని ముఖంలోకి ధర్మశాస్త్రం చెప్పిన మనిషి తిరిగి వచ్చాడు.

“ఇక్కడ వద్దని ఎందుకన్నాడో ఒక్కరూ అడగలేదు, చూశారా అధికారిగారూ? కావలివాళ్లు అడగలేదు. పెద్దలు అడగలేదు. అందరికీ తెలుసు. మీకూ తెలుసు.”

“నాకు నూనె బానలు తెలుసు.”

“యెరూషలేములో కూడా అదే చెప్పండి. నా మనిషి తెల్లవారకముందే బయలుదేరాడు. మీకు దారిలో ఎదురయ్యే ఉంటాడు. గచ్చు కింద ఏముందో వాడికి చెప్పి పంపాను. నా ప్రాణం ఎలాగూ పోతుంది. నాలుగు రోజుల్లో గడ్డపారలు వస్తాయి. రాజుకు రాసిన అబద్ధం కింద ముద్ర ఎవరిదో మీకు తెలుసుగా.”

జక్కూరు అరుగు మీద కూలబడ్డాడు. పగలగొట్టామన్న జవాబు కింద ముద్ర అతనిదే. కంచరగాడిద ఎంత తోలినా ఆ నౌకరును ఇప్పుడు అందుకోలేదని హోషయాకు తెలుసు. పొద్దున దారికి అడ్డంగా నిలబడి వాడితో మాట్లాడిన మనిషి తనే.

పెద్దలు యాకీను చేతులు విప్పమన్నారు. తాడు విప్పింది సాక్షులిద్దరే. యాకీను అమర్యా వైపు చూడలేదు. గడప దాటి దిబ్బ వైపు నడిచాడు. నాన్నను మట్టి చేయడానికి ఇంకా కొంచెం వెలుతురుంది.

తిర్సా బుట్ట పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. తరువాత బుట్టను అరుగు మీద పెట్టి మొగుడి వెనకాల వెళ్లింది. గుడ్డ నీడలోకి వంగి, మామగారి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. పొద్దున్నుంచి పెట్టలేకపోయిన చెయ్యి. దాన్ని తీయకుండా అలాగే ఉంచేసింది.

అరుగు మీద రొట్టె చల్లారిపోయింది. దాన్ని తినదగిన మనిషి ఇక ఆ కోటలో ఒక్కరూ మిగల్లేదు.